తీగల కింద సందు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన చెయ్యి పడితే తిరగని చక్రం లేదని వీధిలో పేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మిషన్ బాబాయే. మనిషి మంచివాడు, పనిమంతుడు. కాకపోతే స్క్రూ ఉన్న వస్తువు కంటబడితే చాలు, చేతులు ఊరుకోవు. పెళ్లయిన కొత్తలోనే భార్య ఆయన చేత ఒట్టు వేయించుకుంది, ఇంట్లో ఇంకేది విప్పినా సరే, తన ఎలక్ట్రిక్ గిటారు జోలికి మాత్రం రాకూడదని. ఇన్నేళ్లూ ఆ మాట మీదే నిలబడ్డాడు పాపం.

ఆవిడ ఒక బ్యాండులో గిటారు వాయించేది. వేసవికి ముందు మెట్ల మీద జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక డాక్టరు ఎముక అతుక్కుందన్నాడు, బలం మాత్రం మెల్లగా వస్తుందన్నాడు. ఆ 'వస్తుంది' ఆవిడ చెవికెక్కలేదు, 'మెల్లగా' ఒక్కటే ఎక్కింది. కాఫీ గ్లాసు కూడా కుడిచేత్తోనే పట్టుకుంటూ, గిటారు పెట్టె వైపు కన్నెత్తి చూడకుండా నెలలు వెళ్లదీసింది. ఈలోగా బ్యాండు నడిపే మాస్టారు ఫోన్ చేశాడు.

"వస్తావామ్మా, వేరేవాళ్లని చూసుకోమంటావా? ఆదివారం సాయంత్రానికల్లా తేల్చి చెప్పు."

"వాయించి చూసుకుని చెబుతాను మాస్టారూ" అంది. ఆ మాట అంటూనే ఎడమచెయ్యి వెనక్కి దాచుకుంది. పక్కనే ఉన్న బాబాయికి ప్రాణం ఉసూరుమంది.

అదిగో, అక్కడే బాబాయి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. తీగలు గిటారు మెడకి ఎంత దగ్గరగా ఉంటే వేలికి అంత శ్రమ తగ్గుతుంది కదా అనుకున్నాడు. శనివారం ఆవిడ చెల్లెలింటికి వెళ్లగానే ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, గిటారు పెట్టె తెరిచాడు. తీగలన్నీ వచ్చి ఆనే లోహపు పలక ఒకటుంటుంది, దాన్ని బ్రిడ్జి అంటారు. దాని మీద ఒక్కో తీగనీ ఎత్తడానికీ దింపడానికీ బుల్లి బుల్లి స్క్రూలుంటాయి. వాటిని తిప్పి తీగలన్నీ కిందికి దింపాడు. అంతటితో ఆగితే ఆయన మిషన్ బాబాయి ఎందుకవుతాడు? ఆ బ్రిడ్జి వెనక అంచు చెక్కకి ఆనకుండా కాస్త లేచి ఉండడం ఆయన కంటబడింది. కుట్టుమిషన్‌లో పలక లేచిందంటే వదులైనట్టే, బిగించాల్సిందే. గిటారు వెనక మూత తీస్తే స్ప్రింగులు కనిపించాయి. బ్రిడ్జి చెక్కకి అంటుకుపోయేదాకా వాటిని బిగించి, తన పనితనానికి తానే మురిసిపోయి పెట్టె మూసేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ గిటారు ఒళ్లోకి తీసుకుంది. ఆయన పక్క గదిలో ఎవరిదో మిషన్ ముందేసుకుని, బాబిన్ తుడుస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాడు. ఆవిడ శ్రుతి చేసుకుని వేలు పెట్టి మీటింది. తీగ గర్‌మంది. ఇంకో తీగ మీటింది. అదీ అంతే. దింపిన తీగలు మెడ మీది లోహపు గట్లకి కొట్టుకుంటున్నాయి. అయితే వేలు గట్టిగా ఆనకపోయినా సరిగ్గా ఇదే మోత వస్తుంది. భయం కొద్దీ ఆవిడ గిటారు వైపు చూడనే లేదు. చేతివైపే చూసుకుంది.

"అయిపోయిందండీ" అంది గుమ్మంలోకి వచ్చి. "నొక్కుతున్నాననే అనుకుంటున్నాను, చేతిలో ఏమీ లేదు. మాస్టారికి చెప్పేస్తాను, వేరేవాళ్లని చూసుకుంటారు." అప్పటికే ఫోన్ తీసింది.

ఆయన బాబిన్ కింద పెట్టాడు. చెబితే తన మీద నమ్మకం పోతుంది. చెప్పకపోతే ఆవిడ వాయించడమే పోతుంది.

"ఫోన్ పెట్టెయ్. నీ చెయ్యి కాదు. నేను విప్పాను."

"ఏం విప్పారు?"

"తీగలు దింపాను, నీకు తేలికవుతుందని. వెనక స్ప్రింగులు కూడా కొంచెం బిగించాను."

"కొంచెమంటే?"

"బిగిసినంత."

ఆవిడ గిటారు ఎత్తి, మెడ వెంబడి ఒంటికన్నుతో చూసింది. తీగల కింద సందే లేదు.

"దీన్ని కూడా కుట్టుమిషన్ అనుకున్నారా? ఈ బ్రిడ్జి లేచే ఉండాలి. ఇటు తీగలు లాగుతుంటే అటు స్ప్రింగులు లాగుతాయి, మధ్యలో ఇది తేలుతుంది. దీనికున్న ఈ పిడి పట్టి ఊపితే స్వరం ఊగేది అందుకే."

"నాకేం తెలుసు?"

"తెలియనప్పుడు నోరు తెరిచి అడగాలి. ఇంతసేపూ నా చెయ్యి చచ్చిపోయిందని ఏడ్చుకున్నాను, తెలుసా మీకు?"

"తెలిసే చెప్పాను" అన్నాడు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

ఆవిడ గిటారు ఒళ్లో బోర్లించుకుంది. తర్వాత చెయ్యి చాపింది. "ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి."

"నేను చేస్తా..."

"మీరు టార్చి పట్టుకోండి చాలు."

ఆవిడ స్ప్రింగులు కాస్త వదులు చేసింది, శ్రుతి చేసింది, బ్రిడ్జి ఎంత లేచిందో చూసుకుంది. ఒక తీగ సరిచేస్తే మిగతావి తప్పాయి. మళ్లీ మొదటికొచ్చింది. అలా ఎన్నిసార్లో. చివరికి బ్రిడ్జి కుదురుకున్నాక, తీగల్ని ఒక్కొక్కటే పైకెత్తడం మొదలుపెట్టింది. కుడిచేత్తో గిటారు పట్టుకుని, ఎడమచేతి వేళ్లతో ఆ బుల్లి స్క్రూలని తిప్పుతోంది. కాఫీ గ్లాసు పట్టని చెయ్యి. ఆయన అది గమనించాడు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని ఊరుకున్నాడు.

తీగల్ని పాత ఎత్తుదాకా తీసుకెళ్లలేదు ఆవిడ. "ప్రస్తుతానికి ఇంత చాలు" అని ఆగింది.

ఈసారి స్వరాలు శుభ్రంగా పలికాయి. నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి. చిటికెన వేలు వంతు వచ్చేసరికి మళ్లీ గర్‌మంది. ఆయన టార్చి మళ్లీ వెలిగించాడు.

"మళ్లీ నేనేనా?"

ఆవిడ మెడ వెంబడి చూసింది, బ్రిడ్జి చూసింది. "కాదు. మీ తప్పూ కాదు, గిటారు తప్పూ కాదు. ఇది నా వేలే" అని, ఇన్ని నెలల తర్వాత నవ్వింది. అదే తీగ మళ్లీ నొక్కింది. గర్‌మంది. మళ్లీ నొక్కింది.

ఫోన్ మోగింది. మాస్టారు.

"మీరే ఎత్తి, వస్తానని చెప్పండి" అంది తలెత్తకుండానే. "నాకు చేతులు ఖాళీ లేవు."