వేడినీళ్లలో రెండు సీసాలు

ప్రవళిక చదివే కోదాడ కాలేజీకి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అని పెద్ద బోర్డే ఉండేది. బోర్డు వెనక మిషన్లను మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. అందుకే 2010 చలికాలంలో ఆమె ప్రాజెక్టు సగం కోదాడలో, సగం మిర్యాలగూడలోని ఇంకో కాలేజీలో నడిచింది. దారి మధ్యలో నేరేడుచర్లలో ఇల్లు, ఇంటి వెనక గొర్రెల దొడ్డి.

ప్రాజెక్టు సంగతి వింటే ముచ్చటేస్తుంది. సలసల కాగే ఊటల్లో బతికే ఆర్కియా అనే సూక్ష్మజీవులున్నాయి. మనం వేలు పెడితే బొబ్బలెక్కే నీళ్లలో అవి హాయిగా సంసారం చేసుకుంటాయి. ఒక జీవి రెండుగా మారాలంటే ముందు దాని డీఎన్ఏకి నకలు తయారవ్వాలి. ఆ నకలు ఎక్కడ పడితే అక్కడ మొదలవదు. ఫలానా చోట ఒక ప్రోటీన్ వచ్చి కూర్చుని, పెనవేసుకున్న రెండు పోగుల్ని కాస్త వదులు చేయాలి. పొద్దున్నే దొడ్డి తడిక తీయడం లాంటిదే ఈ పని. ఆ తర్వాతే మిగతా ప్రోటీన్లు లోపలికి దూరి నకలు తీస్తాయి.

ఆ తడిక తీసే ప్రోటీన్‌ను ప్రవళిక మామూలు బ్యాక్టీరియాలో పుట్టించింది. దాంతోపాటు బ్యాక్టీరియా సొంత ప్రోటీన్లూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని వేరుచేసి, తన ప్రోటీన్ డీఎన్ఏకి అతుక్కుంటుందని చూపిస్తే, హైదరాబాద్‌లో ఇదే పరిశోధన చేసే ఒక మేడం తన ల్యాబులో చేర్చుకుంటానంది. మేడం మర్నాడే మిర్యాలగూడ వస్తోంది. మళ్లీ మొదటినుంచి చేసే వ్యవధి లేదు, సామానూ లేదు.

ఆరోజు కోదాడ ల్యాబులో చిన్న గొట్టాలు అయిపోతే, ఇంట్లోంచి తెచ్చుకున్న గొర్రెల మందుల ఖాళీ సీసాలు రెండు కడిగి, మరగబెట్టి, ఆ ప్రోటీన్లన్నీ కలిసిన మసక పసుపు ద్రవాన్ని వాటిలో నింపింది. నాన్న బీరన్న గొర్రెల టీకాలు తెచ్చే ఐస్ డబ్బాలో వాటిని పెట్టుకుని, సాయంత్రానికి ఇల్లు చేరింది. ప్రోటీన్ అంటే ఐస్ మీదే ఉండాలని ఆమె చదువు. డబ్బా అటక కింద పెట్టి, అలసిపోయి పడుకుంది.

పొద్దున్నే బీరన్న గొర్రెల మందుల కోసం సూర్యాపేట బస్సెక్కాడు. తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి దొడ్డిలో అరుస్తోంది. ఇలాంటి పిల్లల కోసం అప్పుడే ఈనిన వేరే గొర్రె ముర్రుపాలు పిండి, అలాంటి ఖాళీ సీసాల్లోనే పోసి, ఐస్ డబ్బాలో దాచడం ఆ ఇంట్లో అలవాటే. ప్రవళిక తల్లి యశోద డబ్బా తెరిచింది. ఎప్పటి సీసాలే, ఎప్పటి పసుపు రంగే. గోరువెచ్చన చేద్దామని గిన్నెలో నీళ్లు పోసి, సీసాలు నిలబెట్టి, పొయ్యి మీద పెట్టింది. పిల్లను పట్టుకురావడానికి వెళ్తే అది దొడ్డంతా పరుగులు పెట్టించింది.

ప్రవళిక లేచేసరికి డబ్బా ఖాళీ.

"అమ్మా, డబ్బాల సీసాలేవి?"

"గా ముర్రుపాలా? పిల్లకు తాపుదామని ఏడినీళ్లల్ల పెట్టిన. జర ఎక్కువ కాగినయ్ బిడ్డా, ఇరిగిపోయినయ్."

సీసాల్లో తెల్లటి ముద్దలు తేలుతున్నాయి. ప్రవళిక పొయ్యి ముందు కూర్చుని గిన్నెలోకి చూసింది.

"అవి పాలు గావే. నా ప్రాజెక్టు. ఖతం చేసినవ్. అడగకుండ ఎందుకు ముడతవ్?"

 యశోద గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది.

చాలాసేపు ఏడ్చాక ప్రవళిక సీసా పారబోయడానికి లేచింది. అప్పటికి ముద్దలు అడుక్కు దిగి, పైన తేట నిలిచింది. వంచబోయిన చెయ్యి ఆగిపోయింది. కాగి ముద్దకట్టింది ఎవరు? మామూలు బ్యాక్టీరియా ప్రోటీన్లు. మరి తన ప్రోటీన్‌ది కాగే నీళ్లలో పుట్టిన జాతి కదా, దానికి ఈ వేడి ఓ లెక్కా? ఉంటే ఆ తేటలోనే ఉండాలి. తల్లితో మాట్లాడకుండానే సీసాలు డబ్బాలో పెట్టుకుని మిర్యాలగూడ షేర్ ఆటో ఎక్కింది.

అక్కడ మిషన్‌లో గిర్రున తిప్పి, తేటను వేరుచేసి, డీఎన్ఏతో కలిపి, జెల్ అనే జిగురుపలకలో కరెంటు పెట్టి కిందికి నడిపింది. ప్రోటీన్ అతుక్కుంటే డీఎన్ఏ బరువెక్కి వెనకబడాలి. మేడం పక్కన నిలబడి, డీఎన్ఏ గీతల్ని చూపించే లైటు వేసింది. ఒంటరి డీఎన్ఏ గీత కిందికి జారిపోయింది. తేట కలిపిన డీఎన్ఏ గీత పైనే ఆగింది.

"ఇంత శుభ్రంగా ఎలా తీశావు?" అంది మేడం.

ప్రవళిక దాచకుండా చెప్పింది. మేడం పడీపడీ నవ్వింది. "మేము కావాలనే కాగబెడతాం. నువ్వు ఐస్‌లో ఎందుకు దాచావమ్మా? జూన్‌లో వచ్చి చేరు."

ప్రవళికకు సంతోషం కంటే ముందు, చంకలో పిల్లతో నిలబడ్డ తల్లి కళ్లముందు మెదిలింది. బయటికొచ్చి ఫోన్ చేసింది.

"అమ్మా, తిన్నవా?"

"నీ సదువు ఖరాబ్ చేసిన చేతులతోని ఏం తినాలె."

"ఖరాబ్ గాలేదే. గట్ల కాగబెట్టుడే కావాలెనట. హైదరాబాద్ రమ్మన్నరు."

అవతల యశోద అరుస్తున్న గొర్రెపిల్లను అదిలించింది.

"కాగబెట్టింది మీ అమ్మ అని చెప్పినవా?"

"చెప్పిన. తప్పయిందే అమ్మా, పొద్దుగాల ఊకె తిట్టిన."

"తియ్, దానికేంది," అంది యశోద. అప్పుడే సూర్యాపేట నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న బీరన్నతో ఆమె అన్న మాట ఫోన్‌లో ప్రవళికకూ వినపడింది.

"ఓ అయ్యా, జర అన్నం పెట్టుకరా. ఆకలైతుంది."