పేజీ అడుగున పేరు

దేశం గురించి వేదవ్యాస్‌కి అభిప్రాయం లేని విషయం లేదు. ఏలూరు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే మనిషి, సాయంత్రమైతే నౌషాద్ జెరాక్స్ షాపులో స్టూలు లాక్కుని కూర్చుని ఢిల్లీని దుమ్మెత్తిపోసేవాడు. జాబితాలు దాచే ప్రభుత్వమూ ప్రోగ్రాములు దాచే కంపెనీలూ ఒక్కటేననేవాడు. ఏదైనా సరే తలుపులు బార్లా తెరిచి పెట్టాలి, కావలసినవాడు తీసుకుపోవాలి, ఎందుకని అడక్కూడదు. నౌషాద్ కాగితాలు సర్దుకుంటూనే "సరేనండీ మాస్టారూ" అనేవాడు. పదకొండేళ్ళుగా వినీ వినీ అతని షాపులో కంప్యూటర్లన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. దాన్ని ఎక్కించింది కూడా వేదవ్యాసే.

ఉత్త మాటల మనిషి కాదు పాపం. కొల్లేటికోట నుంచి యేసమ్మ అనే ఆవిడ వచ్చి, "ఉండి ఊళ్ళో చేపల చెరువుల మీద పనికెళ్ళొచ్చేసరికి మా ఓట్లన్నీ తీసేశారండీ. బతికే ఉన్నాం కదండీ బాబూ" అని ఏడిస్తే, నెల రోజులు సెలవు పెట్టి ప్రోగ్రాం రాశాడు. ఓటర్ల జాబితాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఇంటింటి తనిఖీ కాగితాలు కూడా ఇస్తే, ఎవరి పేరు పోయిందో, ఎవరి ఇంటికి తాళం ఉందో అది విడదీసి చూపిస్తుంది. ఆ పేజీలు పట్టుకెళ్ళి ఓటర్ల జాబితాలు చూసే అధికారి బల్ల మీద పరిచాడు. "మనిషి మాట నమ్మకండి. మనిషికి పక్షపాతం ఉంటుంది. ఇది లెక్క, దీనికి కులమూ మతమూ లేవు" అన్నాడు. నలభై మూడు పేర్లు తిరిగొచ్చాయి. యేసమ్మ సంతోషం పట్టలేక కొర్రమీను తెచ్చిచ్చింది. శాకాహారి ఇంట్లో కొర్రమీను ఏం చేసుకుంటారు? అది నౌషాద్ తల్లి సుల్తానా పొయ్యి మీదకి వెళ్ళింది. ఆవిడ చేపల పులుసు పెట్టుకుని, వేదవ్యాస్‌కి విడిగా వంకాయ కూర వండి పంపింది.

ఆ ప్రోగ్రాంని ఆయన నెట్‌లో పెట్టి లోకానికి వదిలేశాడు. ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. షరతు ఒక్కటే, అచ్చయ్యే ప్రతి పేజీ అడుగునా ప్రోగ్రాం రాసినవాడి పేరు ఉంటుంది, దాన్ని తీయకూడదు.

"చెడ్డవాళ్ళ చేతిలో పడితేనోండీ?" అని నౌషాద్ ఒక్కసారే అడిగాడు.

"ఎందుకని అడగడం మొదలెడితే ఇంక స్వేచ్ఛేముందయ్యా?" అని కసురుకున్నాడు వేదవ్యాస్.

ఆర్నెల్లకి దుర్గాసాయి అనే పాత శిష్యుడు మెయిలు రాశాడు. వాడు ఓ పార్టీ ఆఫీసులో కంప్యూటర్ పని చూస్తున్నాడని వేదవ్యాస్‌కి తెలుసు. వీధుల వారీగా విడదీయడం ఎలా సార్? తాళం ఉన్న ఇళ్ళు మాత్రమే తీయడం ఎలా సార్? నాలుగు మెయిళ్ళకీ ఓపిగ్గా జవాబు రాసి, కుర్రాడు ఇంత శ్రద్ధగా నేర్చుకుంటున్నాడని మురిసిపోయాడు కూడా. ఎందుకని అడగలేదు. అడక్కపోవడమే ఆయన సిద్ధాంతం కదా! సిద్ధాంతం ఉన్నవాడికి అంత నిశ్చింత మరి.

వేసవిలో సుల్తానా వీధికి నోటీసులొచ్చాయి. రెండు వందల పన్నెండు మంది ఆ చిరునామాల్లో లేరని ఎవరో అభ్యంతరం పెట్టారు. అందులో సుల్తానా పేరూ ఉంది. భర్త పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషి, తుంటి విరిగి రెండు నెలలు తాడేపల్లిగూడెంలో కూతురు నజ్నీన్ దగ్గర ఉంది. తనిఖీకి రెండుసార్లు వచ్చింది ఆ రెండు నెలల్లోనే.

"ఓటు పోతే రేపు మనిషినే లేనంటారేమో నాయనా" అంది సుల్తానా.

"నేనొస్తానండీ. నా మాట వింటారు. మీ పేరు పోదు" అని మాటిచ్చాడు వేదవ్యాస్.

అదే ఆఫీసు, అదే బల్ల, అదే అధికారి. సుల్తానా కొడుకు భుజం పట్టుకుని నిలబడింది. ఇంటి పన్నూ కరెంటు బిల్లూ పోయిన భర్త పేరు మీదే ఉన్నాయి.

"ఈవిడ నాకు పదకొండేళ్ళుగా తెలుసండీ. ఆ ఇంట్లోనే ఉంటారు. నా మాట నమ్మండి" అన్నాడు వేదవ్యాస్.

అధికారి చెడ్డవాడేం కాదు, అలిసిపోయిన మనిషి. ఒక కట్ట తీసి ఆయన వైపు తిప్పాడు. "అభ్యంతరం పెట్టినవాళ్ళు ఇచ్చిన జాబితా ఇదండీ. కింద మీ పేరే ఉంది."

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: రాసినవారు వేదవ్యాస్, ఏలూరు. పేజీ తిప్పితే మళ్ళీ అదే.

"మనిషి మాట నమ్మొద్దని ఇక్కడే చెప్పారు కదండీ మీరు?" అధికారి వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు.

నౌషాద్ వంగి ఆ పేజీని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"దీనికి మతం లేదన్నారు కదండీ. వీధి ఏరుకుంటే చాలన్నమాట. వీధులు విడదీయడం వాళ్ళకెవరు నేర్పారండీ?"

"అడిగారు. చెప్పాను."

"ఎందుకని అడగలేదా?"

వేదవ్యాస్ ఆ కట్ట మూసి అధికారి వైపు జరిపాడు.

"ఏమంటున్నారు నాయనా? అయిపోయిందా?" అంది సుల్తానా, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

"అయిపోయిందమ్మా. పద" అన్నాడు నౌషాద్.

పదిహేను రోజులకి, అభ్యంతరం పెట్టినవాళ్ళు ఇచ్చిన పేజీలనే, తీసేసిన పేర్ల జాబితాగా ఆఫీసు గోడకి అంటించారు. ఐదో పేజీలో సుల్తానా ఉంది. ఆ మధ్యాహ్నం వేదవ్యాస్ తన ప్రోగ్రాంని నెట్‌లోంచి తీసేశాడు. అప్పటికే దాని నకళ్ళు ఎన్ని ఊళ్ళకి చేరాయో ఆయనకే తెలియదు. షాపుకి వెళ్ళేసరికి స్టూలు మీద కాగితం కట్టలు పేర్చి ఉన్నాయి. నిలబడే చెప్పాడు.

"తీసేశాను నౌషాద్."

"ఎందుకండీ తీయడం? వాళ్ళు మీ షరతు ఒక్క పేజీలో కూడా తప్పలేదు. తొమ్మిది పేజీలూ చూసొచ్చాను. అమ్మ పేరే పోయింది. మీ పేరు ఎక్కడికీ పోలేదు" అని నౌషాద్ తర్వాతి మనిషి కాగితాలు అందుకున్నాడు.