వేడి చూసిన చెయ్యి

"దాని కళ్ళు పోతాయే. నా మాట రాసి పెట్టుకో. ఏదో ఒక రోజు పొద్దున్నే లేచి, అమ్మా, ఇంకా లైటు వెయ్యలేదేం అని అడుగుతుంది."

ఫోన్లో అవతల చెల్లెలు నవ్వింది. పోయినసారి మెడ పట్టేస్తుందన్నావు, అంతకు ముందు చెవులు పోతాయన్నావు, ఆ పిల్ల ఒంట్లో నువ్వు వదిలిపెట్టిన చోటు ఒక్కటన్నా ఉందా అక్కా అని అడిగింది. అక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల పని నుంచి వచ్చి, నాలుగు ముద్దలు మింగి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని తెరకు ముఖం అప్పగించేస్తే కన్నతల్లి కాక ఇంకెవరు భయపడతారు? చెల్లెలికేం, కొడుకులిద్దరూ నిద్రమొహాలు. నిద్రపోతే ఎవరికీ ఏమీ కాదు. అలా అనుకోగానే ఆమెకు భర్త గుర్తుకొచ్చాడు. కాస్త తలనొప్పిగా ఉందని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. నిద్రనూ నమ్మడానికి లేదు.

ఆమెది ఇస్త్రీ పని. వీధి చివర లాండ్రీలో ఏళ్ళ తరబడి నిలబడి చేసిన పని. ఇస్త్రీ పెట్టెకు కాస్త దూరంలో చేతి వెనకవైపు ఉంచి, ఈ వేడి పట్టుకు, ఈ వేడి నూలుకు అని చెప్పేస్తుంది. ఆ చేతినే ఇంట్లో కూతురి మీద కాపలా పెట్టింది. కూతురు స్నానానికి వెళ్ళగానే గదిలోకి దూరి, బల్ల కింద ఉన్న కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి చూసేది. గోరువెచ్చగా ఉంటే కాసేపే ఆడినట్టు. చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే ఆ పూటంతా గిన్నెలు చప్పుడు చేస్తూ తిరిగేది. ఎందుకమ్మా ఆ మోత అని కూతురు అడిగితే, ఏం లేదు, గిన్నెలు అనేది. ఈ సంగతి చెల్లెలికి కూడా చెప్పలేదు. చెప్పుకునే పని కాదని తనకే తెలుసు.

కూతురు కళ్ళద్దాల షాపులో, వెనక గదిలో కూర్చుని, లెన్సులను ఫ్రేములకు సరిపడేలా అరగదీస్తుంది. ఈ మధ్యే యజమాని ఆ పిల్లకు ఫ్రేము లేని అద్దాలు కూడా అప్పగించాడు. వాటికి లెన్సులోనే సన్నటి రంధ్రం వేసి స్క్రూ బిగించాలి. చెయ్యి వెంట్రుకవాసి జారినా లెన్సు పగిలి చెత్తబుట్టలోకి పోతుంది. ఆ పని చేతికొచ్చిన రోజు కూతురు వంటింటి గుమ్మంలో చతికిలబడి చాలాసేపు మాట్లాడింది. యజమాని ప్రతిదానికీ మెల్లగా, మెల్లగా అంటాడట, అందుకని అందరూ ఆయన్ని చాటుగా మెల్లగా సారు అంటారట. అక్కడి నుంచి మాట ఆటలోకి వెళ్ళింది. అక్కడేదో కొండ, తాడు, తనతో పాటు ఎక్కే ముగ్గురు, రోజంతా లెన్సుతో ఊపిరి బిగబట్టి కూర్చున్నాక అక్కడ తనకెందుకు హాయిగా ఉంటుందో ఏదో చెప్పుకుంటూ పోయింది. ఆమె ఊ కొడుతూ కూతురి కళ్ళు ఎర్రబడ్డాయా లేదా అని చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే జరిగింది ఇదంతా. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చి, ఉతకాల్సిన బట్టలు తీద్దామని ఆమె కూతురి గదిలోకి వెళ్ళింది. తెర నల్లగా ఉంది. బల్ల కింద నుంచి సన్నగా రొద వస్తోంది. అలవాటు కొద్దీ చెయ్యి పెట్టింది. చురుక్కుమంది.

పొద్దున్నే పనికి వెళ్ళిన పిల్ల కంప్యూటర్ ఇప్పుడింత వేడిగా ఎందుకుంటుంది? తను లాండ్రీకి వెళ్ళాక వెనక్కి వచ్చి ఆడి ఉండాలి. అంటే పనికి వెళ్ళలేదు. అంటే పని పోయింది. ఎప్పుడో పోయింది, చెప్పడానికి మొహం చెల్లక రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరుతోంది. మరి ఇప్పుడెక్కడుంది? పిల్ల ఎక్కడో రోడ్డు పక్కన కళ్ళు తిరిగి పడిపోయినట్టు, చుట్టూ మూగిన జనం బ్యాగులో అడ్రసు వెతుకుతున్నట్టు ఎదురుగా కనిపించింది. ఫోన్ చేద్దామన్న ఊహే రాలేదు. వడ్డించుకున్న కంచం అలాగే వదిలేసి, తాళం వేసిందో లేదో చూసుకోకుండా షాపుకు పరిగెత్తింది.

కౌంటరు దగ్గర యజమాని ఒక ముసలావిడ ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాడు. మా అమ్మాయి ఇవాళ వచ్చిందా అండీ అని ఆమె రొప్పుతూ అడిగింది. ఆయన వింతగా చూసి, వెనక గదికున్న అద్దం వైపు వేలు చూపించాడు. అద్దం అవతల కూతురు తెల్లకోటు వేసుకుని మిషను మీదికి వంగి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది, ఎందుకుండదు అన్నాడు.

అంతటితో వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. ఇటుగా పోతూ చూసి పోదామని వచ్చానంటే ఎవరేమంటారు? కానీ ఆయన ఏమైందమ్మా అని అడిగాడు. ముసలావిడ కూడా అద్దాల మీదుగా చూసింది. రేగిన జుట్టుతో, రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులతో, చెమటలు కక్కుతూ నిలబడ్డ తను వాళ్ళకు మతి లేనిదానిలా కనిపిస్తున్నానని ఆమెకు తోచింది. ఇంత పరుగుకు తగిన కారణం ఒకటి చూపించాలి. కంప్యూటర్ వేడిగా ఉందని చెప్పి చూసింది. చెబుతుంటేనే అది చాలదని తెలిసిపోయింది. రోజూ పొద్దుపోయేదాకా ఆటలేనంది. ఆయన ఊరికే తల ఊపాడు. అదీ చాలలేదు.

"ఈ మధ్య దానికి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయంట సార్," అంది.

కూతురు ఆ మాట ఎన్నడూ అనలేదు.

ఆయన మొహం మారింది. ఈసారి తల ఊపలేదు. ఆమె మాత్రం తన పరుగుకు ఒక అర్థం దొరికిందన్న నిమ్మళంతో ఇంటిదారి పట్టింది. ఆ కాసేపటి నిమ్మళాన్ని తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని ముడుచుకుపోయిందో ఆమెకే తెలుసు.

సాయంత్రం కూతురు వచ్చి, బ్యాగు భుజం మీంచి దించకుండా నిలబడింది.

"ఆటకు అప్‌డేట్ పెట్టి వెళ్ళానమ్మా. అది దానంతటదే డౌన్‌లోడ్ అవుతుంది. పక్కన మనిషి ఉండక్కర్లేదు." తల్లి వైపు తిరిగింది. "అక్షరాలు అలుక్కుపోతున్నాయని నీకెప్పుడు చెప్పాను?"

కూతురు జవాబు కోసం నిలబడినంతసేపు నిలబడి గదిలోకి వెళ్ళిపోయింది. ఇద్దరి మధ్యా మాటలు ఆ రోజుతో ఆగిపోయాయి.

తక్కిన సంగతులు చెల్లెలి ద్వారా తెలిశాయి. కూతురు పిన్నితో మాట్లాడుతోంది, తల్లితోనే మాట్లాడటం లేదు. యజమాని తనే కూర్చోబెట్టి కూతురి కళ్ళు పరీక్ష చేశాడు. చూపులో ఏ లోపమూ లేదు. అయినా వెనక గది పని ఇంకొకతనికి ఇచ్చి, కూతురిని కౌంటరు దగ్గర ఫ్రేములు తుడిచే పనికి మార్చాడు. కన్నతల్లే వచ్చి చెప్పాక నేనెలా ధైర్యం చెయ్యను అన్నాడట. చెల్లెలు ఈసారి నవ్వలేదు. "భయమేస్తే నాకు ఫోన్ చేసి ఏడు అక్కా. పిల్ల బతుకుతెరువు దగ్గరికి వెళ్ళి ఏడుస్తావా?" అంది. ఆమె తర్వాత చేస్తానని పెట్టేసింది.

ఇంట్లో పనులన్నీ ఎప్పటిలాగే సాగాయి. వండింది కూతురు తినేది, కంచం కడిగి బోర్లించేది, కరెంటు బిల్లు కట్టేది. ఏదన్నా అడిగితే తల ఊపేది లేదా అడ్డంగా తిప్పేది. కూతురి గొంతు వినిపించేది ఒక్క ఆటలోనే. అక్కడ మామూలుగానే మాట్లాడేది. పట్టుకోరా బాబూ, నేను పైనుంచి లాగుతున్నా కదా అనేది. ఒకడెవడో పడిపోతే నవ్వేది. ఇన్నాళ్ళూ ఆ హెడ్‌ఫోన్‌ను విరిచి పారెయ్యాలనుకున్న మనిషి, ఇప్పుడు సాయంత్రం కాగానే కూతురు దాన్ని ఎప్పుడు పెట్టుకుంటుందా అని వంటింట్లో చెవులు రిక్కించి కూర్చునేది. అది తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఒక సాయంత్రం ఇస్త్రీ చేసిన బట్టలు గదిలో పెడదామని వెళ్ళి, తలుపు దగ్గర ఆగిపోయింది. ఆటలో అవతలి వాళ్ళు పని గురించి ఏదో అడిగినట్టున్నారు.

"ఛ, ఎవరూ తీసెయ్యలేదు. నేనే అడిగి మారా," అంటోంది కూతురు. "ఆ వెనక గదిలో కూర్చుని కూర్చుని విసుగొచ్చింది. కౌంటరు దగ్గరైతే మనుషులు కనిపిస్తారు... అమ్మా? అమ్మకేం, బాగానే ఉంది. అమ్మ ఏమీ అనదు."

బట్టలు చేతిలో ఉండగానే ఆమె వెనక్కి వచ్చేసింది. మొహం చూడని మనుషుల ముందు కూడా కూతురు తల్లి పరువు కాపాడుతోంది. తను కూతురి కళ్ళను అడ్డం పెట్టుకుని తన పరువు కాపాడుకుంది. వంటింట్లో ఎవరూ లేకపోయినా ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక గోడ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు పనిలో ఒక చొక్కా కాలర్ మీద మాడు పడింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ జరగని పని. లాండ్రీ అతను, వదినగారికి ఇవాళ ధ్యాస ఎక్కడో ఉంది అని తిట్టకుండానే అన్నాడు. ఆమె చొక్కా నీళ్ళలో వేసి, ఇప్పుడే వస్తానని చెప్పి, సాయంత్రం కాకముందే షాపుకు వెళ్ళింది.

కూతురు కౌంటరు దగ్గరే ఉంది. తల్లిని చూసి చేతిలోని గుడ్డతో తుడవడం ఆపింది, అంతే. ఇద్దరు కస్టమర్లు, సాయం చేసే కుర్రాడు కూడా ఉన్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగుదామనుకుంది. ఆగితే ధైర్యం చాలదని తెలుసు. ఆ రోజు అబద్ధం ముసలావిడ వింటుండగానే చెప్పింది కదా.

"సార్, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. దానికి అక్షరాలు బాగానే కనిపిస్తాయి. ఊరికే పరిగెత్తుకొచ్చానని మీరు నవ్వుకుంటారని నేనే కల్పించాను."

యజమాని అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తల్లి కూతురి చూపు మీద అబద్ధం చెబుతుందని నేనెలా అనుకుంటానమ్మా అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తేలిగ్గా ఉండేది. మామూలు లెన్సులు రేపటి నుంచి ఇస్తాను, ఫ్రేము లేనివి మెల్లగా చూద్దాం అన్నాడు. ఆ మాటకు కుర్రాడు నవ్వాపుకోలేక వంగి డ్రాయరు వెతికాడు. కూతురు మాత్రం తుడిచిన ఫ్రేమునే మళ్ళీ తుడుస్తోంది. రెండు చెవులూ ఎర్రగా ఉన్నాయి. కస్టమర్లు కూతురినీ తల్లినీ మార్చి మార్చి చూస్తున్నారు.

బయటికి వచ్చాక గాని ఆమెకు తట్టలేదు. మొదటిసారి వచ్చిందీ కూతురిని అడక్కుండానే, ఇవాళ వచ్చిందీ అడక్కుండానే. దిద్దడానికని వెళ్ళి పిల్లను నలుగురిలో ఇంకోసారి నిలబెట్టింది.

లాండ్రీకి తిరిగి వెళ్ళలేదు. షాపు మూసేదాకా ఎదురు గోడ పక్కన నిలబడింది. కూతురు బయటికి వచ్చి ఆమెను చూసి కాస్త ఆగింది. తప్పుకుని వెళ్ళిపోలేదు, అలాగని పలకరించనూ లేదు. ఇద్దరూ ఇంటి వైపు నడిచారు. కూతురు ఎప్పుడూ గబగబా నడిచేది, ఇవాళ తల్లి నడకకు సరిపడా నడుస్తోంది. మందుల షాపు దాటారు, సైకిళ్ళ షాపు దాటారు.

"ఇవాళ వచ్చిందీ నీతో చెప్పకుండానే," అంది ఆమె చివరికి. "అది కూడా తప్పే. లోపల నిలబడ్డప్పుడు తెలియలేదు, బయటికొచ్చాక తెలిసింది."

కూతురు ముందుకే చూస్తూ నడుస్తోంది.

"నీ ఆట గురించి ఒకసారి కూర్చుని చెప్పావు. కొండా, తాడూ అన్నావు. లెన్సు పని అయ్యాక అందులో హాయిగా ఎందుకుంటుందో కూడా చెప్పావు. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. నేను వినలేదు. నీ కళ్ళు చూస్తూ కూర్చున్నాను."

సందు మలుపు దగ్గర ఒక స్కూటరు అడ్డం వస్తే ఇద్దరూ ఆగారు. అది వెళ్ళాక కూడా ఆమె కదల్లేదు.

"ఇంక నాతో మాట్లాడేది ఏమన్నా ఉందా నీకు? లేకపోతే లేదని చెప్పు. నేనే ఏదో ఊహించుకుని భయపడుతూ కూర్చోవడం కంటే అదే నయం."

కూతురు బ్యాగు పట్టీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. ఎదురింటి మేడ మీద ఎవరో ఆరిన బట్టలు తీస్తున్నారు. ఒక్కొక్కటే తీసి, దులిపి, చేతి మీద వేసుకుని, తీగ మొత్తం ఖాళీ చేసి లోపలికి వెళ్ళిపోయారు. ఇద్దరూ మళ్ళీ నడిచారు. ఇంటి మెట్ల దగ్గరికి వచ్చారు. తల్లి తాళంచెవి తీసింది గాని తాళంలో పెట్టలేదు.

"ఉందమ్మా," అంది కూతురు. "ఇవాళ కాదు."