పగటి నిద్రకు భూపాలం

మోచేతుల దాకా అంటుకున్న పిండిని కడుక్కుని, కిటికీకి దుప్పటి వేలాడదీసి, గుడ్లగూబ మంచమెక్కాడు. ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. రాత్రంతా బేకరీలో రొట్టెల పొయ్యి ముందు నిలబడి, లోకం పళ్ళు తోముకునే వేళకు ముసుగుతన్నేవాణ్ణి మరేమంటారు? భార్య పోయాక అతన్ని వేరే పేరుతో పిలిచినవాళ్ళూ లేరు.

ఇక పైవాటాలో సంగీతం టీచరమ్మ పాట ఎత్తుకోవాలి. అది చెవిన పడితే చాలు, అతని కళ్ళు మూతలు పడతాయి. ఇన్నేళ్ళూ దాన్ని జోలపాటే అనుకున్నాడు. కిందటి వారం మెట్ల దగ్గర ఆవిడ కనబడితే, "మీ జోలపాట లేకపోతే నాకు నిద్రే పట్టదండీ" అన్నాడు మనస్ఫూర్తిగా. ఆవిడ గోడ పట్టుకుని మరీ నవ్వింది.

"అది భూపాలం నాయనా. తెల్లవారుజామున జనాన్ని లేపే రాగం."

ఈరోజు పాట రాలేదు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. పైన సామాను ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పైకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకుని మెట్లెక్కేసరికి ఎండ ముదిరింది.

టీచరమ్మ పెట్టె మీద కూర్చుని, తంబురాకు గుడ్డ చుడుతోంది. "మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. తమ్ముడొచ్చి తీసుకెళ్తానన్నాడు. ఇక వాళ్ళింట్లోనే."

ఆ గొంతు కూడా వెళ్ళిపోతే తనకిక తోడెవరు?

"ఒక్కసారి పాడండి టీచరమ్మా."

"పొద్దెక్కాక భూపాలం పాడకూడదు. మా గురువుగారు వింటే వీపు విమానం మోత మోగించేవారు."

"నాకిప్పుడేగా రాత్రవుతోంది."

ఆవిడ అతని ఎర్రటి కళ్ళకేసి కాసేపు చూసింది. లేచి కిటికీ మూసి, తంబురా గుడ్డ విప్పింది. "నిద్రపోకుండా విను. ఇందులో 'మ' ఉండదు, 'ని' ఉండదు. 'గ' నుంచి 'ప'కి ఒకటే అంగ."

"ఎందుకుండవండీ?"

"ఏమో. ఉంటే ఇది కాదు."

మొదటిసారి అతను మెలకువతో విన్నాడు. గొంతు 'రి' దగ్గర కాస్త వణికి, 'గ' మీద ఆగి, నడుమ మెట్టు లేకుండానే పైకెళ్ళి నిలబడింది. ఆ లేనిచోటు అతనికి వినబడింది. భార్య పోయినప్పటినుంచి తన బతుకూ అలాగే, నడుమ మెట్టు లేకుండానే నడిచింది కదా అనుకున్నాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నిద్ర మాత్రం రాలేదు.

తమ్ముడి బండి వచ్చింది. పెట్టెల్నీ, తంబురానీ గుడ్లగూబే కిందికి దింపాడు. "వేళకి తిను నాయనా" అంటూ ఆవిడ బండెక్కి, తాళం అతని చేతికిచ్చింది.

తలుపు వేద్దామని పైకి వెళ్ళాడు. ఖాళీ గదిలో, తంబురా ఆనించిన చోట, తీగ కింద దూర్చితే తప్ప తంబురా గొంతు విప్పని చిన్న నూలుపోగు నేలమీద ఉండిపోయింది.