తడి రెక్క

రన్‌వే మీద రజిత చెప్పులు లేకుండా నడుస్తోంది, కాళ్ల కింద సిమెంటు తడిపి పరిచిన దుప్పటిలా మెత్తగా దిగబడుతోంది, ఇది మామునూరు పాత రన్‌వే అని ఆమెకు తెలుసు, అయినా రెండు పక్కలా తాను పెరిగిన కాజీపేట రైల్వే క్వార్టర్ల గోడలే ఆమెతో పాటు నడిచొస్తున్నాయి, గోడల మీద ఆరేసిన చీరలు గాలి లేకుండానే ఊగుతున్నాయి. ఎక్కడో తన కూతురు లాస్య ఏడుస్తున్నట్టుంది. కాదు, అది రబ్బరు చప్పుడు. బొమ్మ విమానం ముక్కున ఉన్న పంకాను వేలితో తిప్పుతూ పోతే, పొట్టలోని రబ్బరు ముడి మీద ముడి పడుతూ కిర్రుమంటుందే, ఆ చప్పుడు. చిన్నప్పుడు అది చెవిన పడితే చాలు, ఆమె లెక్కల పుస్తకం మూసేసి వసారాలోకి పరుగెత్తేది.

రన్‌వే నడుమ వాళ్ల వంటింటి పీట ఉంది. పీట మీద బాపు కూర్చుని ఉన్నాడు.

బాపు పోయి వచ్చే నెలకు ఏడాది. రైల్వే షెడ్డులో ఆయన ఇంజన్లు బాగుచేసే ఫిట్టరే అయినా, కాలనీలో ఎవరినడిగినా "విమానాల ఐలయ్యా?" అనేవాళ్లు. దూదిలా తేలిపోయే బాల్సా కర్రను బ్లేడుతో కోసి, పక్కటెముకల్లా పేర్చి అతికించేవాడు. వాటి మీద ఉల్లిపొర లాంటి టిష్యూ కాగితం ముడత లేకుండా పరవడం మాత్రం రజిత పని, ఆ సన్నటి వేళ్లకే లొంగేది ఆ కాగితం. ఆ పైన ముక్కులు మండే వాసన వేసే డోపు, అంటే ఒక రకం వార్నిషు, కుంచెతో పూసేవాళ్లు. ఆరుతూ ఆరుతూ అది కాగితాన్ని డప్పు తోలులా బిగలాగుతుంది.

"ఇంతసేపేంది బిడ్డా? డోపు గడ్డకడుతుంది" అంటాడు బాపు తలెత్తకుండానే.

"పిల్లను పండబెట్టి వచ్చిన. ఊపిరి తీస్తుందా లేదా అని ముక్కుకాడ వేలు పెట్టి సూసి, మళ్లా సూసి వచ్చిన."

"నీ పిచ్చిగానీ, ఊపిరి తీసుకోక యాడికి పోతది?"

"నువ్వు పోలేదా?"

బాపు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతాడు, పోయేనాటికి లేని పన్ను కూడా ఆ నవ్వులో ఉంది. "నా సంగతి వేరు. మీ అమ్మ ఉప్పు తగ్గియ్యమంటే నేను తగ్గియ్యకపోతి. ఇప్పుడు రోజూ పచ్చడే. చచ్చినోనికి బీపీ ఉండదు."

ఆమెకూ నవ్వొస్తుంది, కానీ నోటిదాకా వచ్చిన నవ్వు అక్కడే గడ్డకట్టుకుపోతుంది, ఎందుకంటే బాపు ఒళ్లో ఉన్న బోర్డు ఇప్పుడు కనిపించింది, బోర్డు మీద పసుపు కాగితం వేసిన రెక్క ఉంది, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఉన్నాయి, డోపు ఇంకా తడిగా మెరుస్తోంది. అదే రెక్క.

ఆ రెక్కను ఆమె కలలో కాకపోయినా గుర్తుపడుతుంది. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు, ఈ రన్‌వే మీద జరిగిన పోటీకి బాపు చేసిన పెద్ద విమానానిది అది. డోపు పూసిన రెక్కను పూర్తిగా ఆరేదాకా సూదులతో బోర్డుకు బిగించే ఉంచాలి. తడి మీద తీశారా, బిగుసుకుంటున్న కాగితం కర్రను తన దిక్కుకు లాగి రెక్కను మెలిపెట్టేస్తుంది. ఇది విమానాలు చేసే ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. పోటీనాడు బాపు చేతిలోంచి లేచిన విమానం చెట్టంత ఎత్తు పోయి, ఎడమకు ఒరిగి, ఒరిగినదల్లా గిరగిరా తిరిగి ముక్కు నేలకేసి కొట్టుకుంది. రెక్క తీసి చూస్తే నీళ్లలో నానిన అట్టలా మెలితిరిగి ఉంది. షెడ్డు వాళ్లంతా మూగారు, ఫోర్‌మన్ నర్సింగరావు సారు "ఏమైందయ్యా?" అన్నాడు. బాపు "మా బిడ్డ తడి రెక్క తీసింది సార్, దాని చేతిల ఓపిక లేదు" అన్నాడు.

అంతే. ఆ మాట ఆమె కంటే ముందు ఇల్లు చేరింది. "ఓపిక లేని చేతులకు పాలిటెక్నిక్‌లో మిషన్లెందుకు?" అని బాపు ఫారం తేలేదు. ఏడాది తిరక్కుండా పెళ్లి చేశారు. పాలు పొంగితే తడి రెక్క, అన్నం అడుగంటితే తడి రెక్క. అత్తగారింటికి కూడా ఆ పేరు సామాన్లతో పాటు వచ్చేసింది. లాస్య పుట్టాక అత్త పిల్లకు నీళ్లు పోయనివ్వదు. "మీ బాపే చెప్పిండు గదనే, నీ చేతులు ఆగవని." నిజమే కాబోలని రజితే పిల్లను ఎత్తుకునేటప్పుడు రెండుసార్లు చూసుకుంటుంది.

"కుంచె పట్టు" అంటున్నాడు బాపు. "ఇంకో పూత ఎయ్యాలె."

"నేను పట్ట. నా చేతిల ఓపిక లేదు గదా."

"అదింకా గుర్తు పెట్టుకున్నవా?"

"నేను మరిస్తే గుర్తుచేసేందుకు ఊరంత ఉన్నది."

రన్‌వే చివర కుర్చీలు వేసి ఉన్నాయి, పెళ్లిలో వేసే కుర్చీల్లాంటివి, వాటిలో షెడ్డు వాళ్లంతా వీపులు ఇటు తిప్పి కూర్చున్నారు, వాళ్లలో అత్త వీపు కూడా ఉంది, అత్త షెడ్డులో ఎప్పుడు చేరిందో రజితకు అర్థం కాదు, కానీ అడగాలనీ అనిపించదు. ఆమె పీట ముందు గొంతుకూర్చుంటుంది.

"ఒక్కటి చెప్పు బాపూ. నేను పూత పూసి, సూదులు గుచ్చి, తలుపు దగ్గరికేసి అమ్మ పిలిస్తే పోయిన. మళ్లీ ఆ అర్రలకు రానే లేదు. మరి రెక్క ఎవరు తీసిన్రు?"

"గాలికి లేసిందేమో."

"సూదులు గాలికి లేస్తయా?"

"ఎలుక..."

"ఎలుక సూదులు పీకి డబ్బాల ఏసి మూత పెట్టిందా?"

బాపు కుడిచేతి బొటనవేలిని మిగతా వేళ్ల కింద దాచుకుని పిడికిలి బిగిస్తాడు. షెడ్డులో కొత్తగా చేరినప్పుడు ఉలి జారి నిలువునా చీలిన వేలది. మానాక కూడా నడిమి గీత మాత్రం అట్లాగే ఉండిపోయింది.

"ఇరిగిన విమానాలన్నీ నీళ్లపొయ్యిల పెట్టేటోనివి" అంటుంది రజిత. "ఈ ఒక్క రెక్కను మూట గట్టి అటక మీద ఎందుకు దాచినవ్? నన్నెందుకు ముట్టనియ్యలె?"

"నర్సింగరావు సారు వచ్చిండు ఆనాడు" అంటాడు బాపు మెల్లగా, నీళ్ల అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు. "ఏదయ్యా నీ విమానం సూపియ్యి అన్నడు. అంత పెద్దాయన మన గడప తొక్కుడే ఎక్కువ. ఆరలేదు సార్ అంటే ఏమనుకుంటడో అని తీసి సూపించిన. ఎంత తేలిగ్గున్నదో అని చేతిల పట్టుకుని మురిసిండు. ఎంతసేపు... గింతసేపు. మళ్లీ బోర్డుకు గుచ్చుడు మర్శిన."

"మరి నా పేరెందుకు చెప్పినవ్?"

"ఆయన ముందట ఆయన వల్లనే అని ఎట్ల చెప్పాలె? నా వల్ల అంటే విమానాల ఐలయ్య అన్న పేరు పోయె. చిన్నపిల్ల తప్పు ఎవరు లెక్కవెడతరు బిడ్డా? రెండు దినాలకు మరిచిపోతరనుకున్న."

"నేను సదువుకుంటుంటి బాపూ."

బాపు ఒళ్లోని రెక్క సూదులు ఉండగానే మెల్లగా మెలిపడుతోంది, ఆ మెలికకు బోర్డు వంగుతోంది, బోర్డుతో పాటు రన్‌వే, గోడలు, చీరలు ఎడమకు ఒరుగుతున్నాయి.

"చెప్పు" అంటుంది ఆమె, పడిపోకుండా పీట పట్టుకుని. "అగో, అందరున్నరు. లేసి ఒక్కసారి గట్టిగ చెప్పు. రజిత తియ్యలేదు, నేనే తీసిన అని."

బాపు లేస్తాడు. నిజంగానే లేస్తాడు, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తాడు కూడా, కానీ నోట్లోంచి కిర్రుమనే రబ్బరు చప్పుడే వస్తుంది, కుర్చీల్లోని వీపులు ఒక్కటీ కదలవు. ఆయన ఆమె వైపు తిరిగి, షెడ్డులో పని అయిపోయాక చూపించినట్టు ఖాళీ అరచేతులు చూపిస్తాడు. "ఇక్కడికెల్లి ఇనపడదు బిడ్డా."

"ఇనపడేటప్పుడు చెప్పకపోతివి" అంటుంది రజిత. ఎదురుగా ఉన్న మనిషి చచ్చిపోయాడన్న జాలి ఎంత వెతుక్కున్నా ఆమెకు దొరకదు. రబ్బరు చప్పుడు పెరిగి పెరిగి లాస్య గొంతవుతుంది.

దిగ్గున లేస్తుంది. మధ్యాహ్నం వాన రేకుల మీద కొడుతోంది, చాప మీద పక్కన పిల్ల లేదు. చుట్టూ వెతుకుతుంది. పిల్ల ఆ మూలనే ఉంది, నిన్న అమ్మ పంపిన సంచి ముందు కూలబడి, కిర్రు కిర్రుమని ఏదో లాగుతోంది. బాపు సామాను అది, ఇల్లు ఖాళీ చేస్తూ "పిల్ల ఆడుకుంటది" అని పంపించింది. విప్పబుద్ధికాక రజిత అలాగే ఉంచింది.

"పిల్ల ఏం పీకుతుందో సూడే, తడి రెక్కా!" అని వంటింట్లోంచి అత్త కేక.

రజిత పిల్లను ఒళ్లోకి తీసుకుని, దాని చేతిలోని పసుపు రంగు వెలిసిన రెక్కను విడిపించి, గుమ్మం వెలుతురులో పెట్టి చూస్తుంది. మెలికపడ్డ కొసన, గాజులా గట్టిపడిన డోపులో, తడి మీద పట్టుకున్న పెద్ద బొటనవేలి ముద్ర ఉంది. దాని నడుమ నిలువునా ఒక గీత.

ఆమె దాని మీద తన బొటనవేలు పెట్టి చూస్తుంది. చుట్టూ ఇంకా చోటు మిగిలింది.