దూప

"తాగురా! బీరప్ప ముంగట తాగనంటె నువ్వు కులంల ఉన్నట్టా లేనట్టా?" చెన్నయ్య కల్లు చెంబును తమ్ముడి మూతికి ఆనించాడు.

కురుమయ్య పెదవులు బిగించి తల తిప్పుకున్నాడు. కల్లు గడ్డం మీదుగా కారి కొత్త అంగీని తడిపింది. కట్టంగూర్‌కు పడమట ఉన్న ఆ పల్లెలో బీరప్ప పండుగ. ఎండ నెత్తి మాడుస్తోంది. గుడి ముందు పందిట్లో కులపోళ్ళంతా కూర్చున్నారు. ఒకపక్క పొట్టేలు కూర ఉడుకుతోంది, ఒకపక్క డోళ్ళు మోగుతున్నాయి.

కురుమయ్యకు రెండు కిడ్నీలూ పనిచేయవు. రోజు విడిచి రోజు బస్సెక్కి నల్గొండ దవాఖానకు పోయి, రక్తం కడిగే మిషన్ మీద పడుకుని వస్తాడు. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాయి. అందుకని రోజంతటికీ అతనికి చిన్న సీసాడు నీళ్ళే. దూపకు నాలుక అంగిటికి అతుక్కుపోతే నోరు పుక్కిలించి ఊస్తాడు. ఎదుట ఎవరైనా గటగటా తాగుతుంటే లేచి అవతలికి పోతాడు.

ఇది ఊళ్ళో ఎవరి తలకూ ఎక్కలేదు. మనిషి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ఒంటి మీద పుండు లేదు. "నీళ్ళు మంచిగ తాగితె కిడ్నీలు సాఫయితయి గద. గీడు తాగకనే ఖరాబ్ చేస్కున్నడు" అనేవారు. ఇంటి గొర్రెల మంద భారం మొత్తం చెన్నయ్య మీద పడింది. ఒక్కడే గొర్రెల వెంట తిరిగి తిరిగి అతని మడమలు పగిలాయి. మేత కోసం అచ్చంపేట అడవి దాకా తోలుకుపోయి వానలో తడుస్తూ పడుకున్నాడు. ఆ వానలో తమ్ముడు ఫ్యాను కింద మంచమ్మీద హాయిగా పడుకుని ఉంటాడని నిజంగానే నమ్మాడు. ఆ కడుపుమంట ఇవాళ కల్లుతో కలిసి పొంగింది.

"అన్నా, నీకు దండం పెడత. రేపు గాని మిషన్ లేదు. గిది తాగితె ఊపిరాడక చస్త."

"ఇంకెన్నేండ్లు చెప్తవురా గీ ముచ్చట? పొట్టేలును లేపుమంటె ఎడమ చేత్తోని బరువు లేపొద్దంటవ్. తాగుమంటె పడదంటవ్. చచ్చేది నేను, గొర్లెంబడి!"

చెన్నయ్య పక్కనున్న ఇద్దరికి సైగ చేశాడు. వాళ్ళు నవ్వుతూనే కురుమయ్య భుజాలు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఒకడు ముక్కు మూశాడు. చెన్నయ్య దవడలు నొక్కి, గాలి కోసం తెరుచుకున్న నోట్లోకి చెంబు వంచాడు. కురుమయ్య దగ్గాడు, మింగాడు, కాళ్ళు నేలకేసి తన్నుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. ఇంకో చెంబు. ఇంకోటి. విడిపించుకోబోయిన అతని ఎడమ చేతిని చెన్నయ్య మెలిపెట్టాడు.

మిషన్ సూదులు గుచ్చే చేయి అది. నరాలు కలిపి కుట్టినచోట తాడులా ఉబ్బి ఉంటుంది. నిన్నటి సూది గాటు తెరుచుకుంది. రక్తం చిమ్మి చెన్నయ్య ధోవతి మీద పడింది.

కేక విని వంటల దగ్గర్నుంచి కురుమయ్య భార్య నాగరాణి పరుగెత్తుకొచ్చింది. బావ ఎదుట ఏనాడూ గొంతెత్తని మనిషి. పందిరి గుంజకు ఆనించిన గొర్రెల కర్ర అందుకుని చెన్నయ్య మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగింది. రెండో దెబ్బకు ముక్కు మూసినవాడి పళ్ళు రాలాయి. డోళ్ళు ఆగిపోయాయి. ఎవరో ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు. ఎవరిదో కాలు డొక్కలో తన్నింది. ఆమె పాకుతూనే వచ్చి భర్త గాయాన్ని రెండు బొటనవేళ్ళతో అదిమిపట్టింది.

"బావ మీద చెయ్యి లేపిన ఆడిది మన కులంల ఎన్నడు లేదు" అన్నాడు కులపెద్ద లింగయ్య.

పంచాయితీ పొద్దు వాలేదాకా సాగింది. ఈలోగా నెత్తురు ఆగింది గాని కురుమయ్య ఛాతీలో గురగుర మొదలైంది. పడుకోలేక, కూర్చుని ముందుకు వంగి గాలి పీలుస్తున్నాడు. పందిరి పక్కనే ఆటో ఉంది. ఆటోవాడు లింగయ్య మొహం చూస్తున్నాడు.

"చెన్నయ్య కాళ్ళు మొక్కు. పొట్టేలు దండుగ కట్టుర్రి. గప్పుడు ఆటో కదుల్తది" అన్నాడు లింగయ్య నాగరాణితో.

నాగరాణి భర్త నీలంగా మారుతున్న పెదవులను చూసింది. లేచి చెన్నయ్య వైపు నడిచి మోకాళ్ళు వంచబోయింది.

"మొక్కకు."

ఎప్పుడు గొడవైనా భార్యను ఊకోమనే కురుమయ్య మాట అది. శ్వాసకూ శ్వాసకూ మధ్య మళ్ళీ అన్నాడు. "మొక్కకే. నేను... తాగనంటె... పోసిండ్రు. ఇగ వీళ్ళు చెప్పింది... ఏదీ... చెయ్య."

విరిగిన చేతిని తువ్వాలలో చుట్టుకుని కూర్చున్న చెన్నయ్య తమ్ముడి ఛాతీనే చూస్తున్నాడు.

"తాగిందానికే గిట్లయితదారా?" అని మెల్లగా అడిగాడు.

నాగరాణి భర్తను భుజానికి ఎత్తుకున్నట్టుగా పట్టుకుని ఊరి పక్కనున్న హైవే మీదికి నడిపించింది. రాయి మీద కూర్చోబెట్టి చెయ్యి ఊపింది. లారీలు, కార్లు దుమ్ము రేపుకుంటూ పోయాయి. ఒక్కటీ ఆగలేదు. వెనక బాటలో ఎవరో "తమ్మీ" అని అరుస్తూ, తడబడుతూ పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి చూడలేదు. రోడ్డు నడిమధ్యకు పోయి రెండు చేతులూ చాచి నిలబడింది. ఎదురుగా వస్తున్న లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. ఆమె కదల్లేదు.