భూకంపం కాదు, మా ఆయన

మా హువాలియెన్ ఊళ్లో మంచం ఊగితే ఎవరూ మొగుణ్ణి అనుమానించరు, భూమిని అనుమానిస్తారు. పెళ్లయిన కొత్తలో నేనూ అంతే. మంచం దడదడలాడితే మెలకువ వచ్చి, తలుపు బిగుసుకుపోకుండా ముందు దాన్ని బార్లా తెరిచి, హెల్మెట్ పెట్టుకుని, మెట్లన్నీ దిగి వీధిలో నిలబడ్డాను. అక్కడ నేనూ ఒక కుక్కా తప్ప ఎవరూ లేరు. మళ్లీ పైకి వెళ్లేసరికి మా ఆయన యుంగ్‌ఫా కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు, నోటి పక్కన నురగ. కాసేపటికి అది ఆగింది. ఏమీ జరగనట్టు గుర్రు పెట్టాడు.

పొద్దున్న చెబితే నవ్వాడు. కంపం వచ్చుంటుందిలే అన్నాడు. ఫోన్‌లో వాతావరణ శాఖ పంపిన భూకంపం కబురు తీసి చూపించాడు. నిజమే, సముద్రంలో ఎక్కడో చిన్నది వచ్చింది. మా వైపు ఎప్పుడు రాదు గనక? దొంగకు చీకటి తోడైనట్టు మా ఆయన జబ్బుకు భూమి తోడయింది. నాలుక కొరుక్కున్నా కంపమే, ఒళ్లంతా పులిసినా కంపమే. పక్క తడిసిన రోజు మాత్రం టీ ఎక్కువ తాగానన్నాడు.

నిద్రలో వచ్చే ఫిట్సుతో చిక్కే ఇది. వచ్చినవాడికి తెలీదు, చూసినవాళ్లను నమ్మడు. దూలానికి గంట కట్టాను. భూమి ఊగితే గంట మోగుతుంది, మోగకపోతే ఊగింది నువ్వే అని చెప్పాను. ఆ రాత్రి మంచం ఊగింది, గంట మోగలేదు. గంటకు తుప్పు పట్టిందన్నాడు. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఏదో ఒక రాత్రి దిండులో మొహం కూరుకుపోయి ఊపిరాడక పోతాడేమో, నేను పక్కనే మొద్దునిద్రలో ఉంటానేమో అని భయం. అతని చొక్కా అంచు వేలికి చుట్టుకుని పడుకునేదాన్ని.

ఇద్దరం పనిచేసేది ఒకే చలువరాతి కార్ఖానాలో. అతను పెద్ద రంపం మీద రాళ్లు కోస్తాడు, నేను అందరికీ వండిపెడతాను. మధ్యాహ్నం అన్నాలు కాగానే దీపాలు ఆర్పేసి చెక్క అరుగు మీద వరసగా పడుకుని కునుకు తీయడం మా దగ్గర రివాజు. ఆ వేళ హుంగ్ మేస్త్రి కూడా ఎవరినీ లేపడు. మా ఆయన ఒక్కడే పడుకోడు. గాలం పట్టుకుని వాగు దగ్గరికి పోతాడు. ఇన్నేళ్లలో ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు. తనకేమీ లేదని నమ్మే మనిషి నలుగురిలో పడుకోవడానికి జంకుతాడెందుకని ఒకసారి నిలదీశాను.

"రంపం మీంచి దించేస్తారే," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరితోనైనా అన్నావో, నీ మొహం చూడను."

నోరు కుట్టేసుకున్నాను.

ఆ తర్వాత ఒకరోజు తుఫాను వాన పట్టుకుంది. వాగుకు వెళ్లే దారి లేదు. గోడకు ఆనుకుని ఊరికే కూర్చుంటానన్నవాడు కూర్చున్నట్టే నిద్రపట్టి అరుగు మీదికి ఒరిగిపోయాడు. నేను గిన్నెలు తోముతుంటే అరుగు దడదడలాడింది. పదిమందీ నిద్రమత్తులోనే లేచి హెల్మెట్లు తగిలించుకుని, చెప్పులు మర్చిపోయి వానలోకి పరుగెత్తారు. నేను పైకి చూశాను. దూలం నుంచి రాళ్లెత్తే గొలుసు నిటారుగా వేలాడుతోంది, ఇసుమంత కదలడం లేదు. వాళ్లకు ఎదురుగా లోపలికి పరుగెత్తాను. కంపమొచ్చింది, బయటికి రమ్మని మేస్త్రి గుమ్మంలోంచి కేకేశాడు.

మొగుడి మాట నిలబెట్టాలా, మొగుణ్ణి నిలబెట్టుకోవాలా?

"కంపం కాదు," అన్నాను. "మా ఆయన."

ఒక పక్కకు ఒత్తిగిలబెట్టి తలకింద తువ్వాలు మడిచి పెట్టాను. రాళ్లకు మెరుగు పెట్టే లియావ్ వెనక్కి వచ్చి, అన్నం తినే పుల్లలు అతని నోట్లో పెట్టబోతే వేళ్ల మీద గరిటెతో ఒకటిచ్చాను. నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎంతసేపైందో చూస్తూ పక్కన ఉండాలి, అంతే.

మా ఆయనకు తెలివొచ్చేసరికి గుమ్మంలో హెల్మెట్లన్నీ నీళ్లు కారుస్తూ అతనివైపే చూస్తున్నాయి. కంపమా అని అడిగాడు. మేస్త్రి గొలుసు వైపు చెయ్యి చూపించాడు. మా ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తుప్పు పట్టిందని మాత్రం అనలేదు.

ఆస్పత్రికి వెళ్లాం, డాక్టరు మాత్రలు రాశాడు. మందు కుదిరేదాకా వద్దని మేస్త్రి అతన్ని రంపం మీంచి దించి మెరుగు పనిలో వేశాడు. భయపడ్డదే జరిగింది. కొన్నాళ్లు నాతో మాటల్లేవు. మూతి ముడుచుకునే సూప్ తాగేవాడు, రెండో గిన్నె కూడా. చివరికి ఒకనాడు నోరు విప్పాడు. అతన్ని కోసేస్తున్నది రంపం పోవడం కాదు.

"కంపం అనుకుని కూడా అంతమందిలో ఒక్కడైనా నన్ను లేపలేదు చూడు," అన్నాడు.

మూడో గిన్నె నేనే పోశాను.

గాలం మూలన పడింది. దాచడానికేమీ లేదు గనక అతనూ అరుగెక్కాడు. మొదట్లో అందరూ అతనికి అటూ ఇటూ జాగా వదిలి పడుకునేవాళ్లు. తర్వాత లియావ్ వంటింట్లోకి వచ్చి, అలా జరిగితే ఏం చెయ్యాలో ఇంకోసారి చెప్పమన్నాడు. గరిటె పక్కన పెట్టి చెప్పమన్నాడు. వాడి వెనకే తక్కినవాళ్లూ వచ్చారు.

మొన్న ఎండాకాలం మధ్యాహ్నం అరుగు మళ్లీ దడదడలాడింది. నేను వంటింట్లోంచి వచ్చి చూస్తే ఒక్కడూ బయటికి పోలేదు. అందరూ మా ఆయన చుట్టూ మూగారు. ఒకడు ఒత్తిగిలబెట్టాడు, ఇంకొకడు తలకింద తువ్వాలు తోశాడు, మేస్త్రి గడియారం చూస్తున్నాడు, నోట్లో ఎవరూ ఏమీ పెట్టొద్దని లియావ్ అందరినీ కసురుతున్నాడు. మా ఆయన వాళ్ల మధ్య గింజుకుంటున్నాడు.

"నేను కాదురా," అంటున్నాడు. "ఒరేయ్, పైకి చూడండి. నేను కాదు."

పైన గొలుసు ఉయ్యాలలా ఊగుతోంది.

"కంగారుపడకు అన్నా, అయిపోవచ్చింది," అన్నాడు లియావ్ అతని వీపు నిమురుతూ.

వెనక నా గిన్నెలన్నీ దొర్లిపడ్డాక గానీ వాళ్లు తలెత్తలేదు. అప్పుడైనా వదల్లేదు, అతన్ని అలాగే ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. భూమి ఆగాక చూస్తే మా ఆయన ఏడుస్తున్నాడు. కళ్లలో రాతిపొడి పడిందన్నాడు.

సరేలే అన్నాను.